బండల గదిలో ఏడుపు ఆగిన మధ్యాహ్నం

నిన్న మధ్యాహ్నం బస్సు కోసం నిలబడి, పక్కనున్న నాపబండ గోడకు చెయ్యి ఆనించి ఉలిక్కిపడ్డాను. అరచెయ్యి చురుక్కుమంది. వెంటనే మా పెరట్లోని అద్దె గది గుర్తొచ్చింది.

మీకూ గుర్తుండే ఉంటుంది. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు చాలక, మనవాళ్లు నాపబండలు నిలబెట్టి, పైన రేకులు కప్పి గదులు కట్టారు. మా నాయనా కట్టాడు.

"ఇది గదా, పెనమా?" అంది అవ్వ.

"ఊరంతా ఇట్లే కడతాండారు లేమ్మా" అన్నాడు నాయన.

ఆ గదిలోకి కోస్తా నుంచి ఒక గుమాస్తా, భార్యతో, పసిబిడ్డతో వచ్చాడు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం బిడ్డ ఏడుపు ఆగిపోయింది. నిద్రపోయాడనుకుంది తల్లి. అవ్వ వెళ్లి ముట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తెరవడం లేదు.

అవ్వ వాడిని మా మట్టి మిద్దెలోకి తెచ్చి, రెండు మూరల మందం గోడ పక్కన పడుకోబెట్టి తడిబట్టతో తుడిచింది. మా ఇంట్లో బడికి పోయినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అందరూ నా వైపు చూశారు. బడిలో ఇది చెప్పలేదు. బిడ్డ పక్కన కూలబడి గోడకు చెయ్యి ఆనించాను. బయట అదే ఎండ, ఇక్కడ గోడ మాత్రం నీళ్ల కడవలా చల్లగా ఉంది. పగలంతా అది మింగిన ఎండ, రాత్రి మేం మిద్దె మీద పండుకున్నాక మెల్లగా బయటికొస్తుందని శానా రోజుల తర్వాత అర్థమైంది.

చివరికి బిడ్డ ఏడ్చాడు. సాయంత్రానికి నాయన వాళ్ల పెట్టెలు మా నడిమింట్లోకి మోసి, బండల గదిలో జొన్న చొప్ప నింపాడు.

"మరి మీ గది?" అన్నాడు గుమాస్తా మొహమాటంగా.

"చొప్పకు ఎండ మంచిదేలేప్పా" అన్నాడు నాయన, తలెత్తకుండా.