ఒకే గోడకు ఐదు యూనివర్సిటీలు

టైలరమ్మ కుట్టిన కోటు వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్తే ఉద్యోగం వస్తుందని ఆ వీధిలో ఒక నమ్మకం. ఆధారమేమీ లేదు. ఉద్యోగం వచ్చినవాళ్ళు స్వీటు డబ్బాతో వచ్చి చెప్తారు, రానివాళ్ళు ఆ వీధి మొహమే చూడరు, అంతే. ఆవిడ ఈ నమ్మకాన్ని సమర్థించిందీ లేదు, ఖండించిందీ లేదు. కొలతలు తీసేటప్పుడు "ఇంటర్వ్యూకేనా?" అని అడిగి, ఔనంటే బరువుగా తలాడించేది.

పాత భవనంలో అన్నిటికన్నా పై గది ఆవిడది. ఇల్లూ అదే, కొట్టూ అదే. ఒక మూల మంచం, ఒక మూల స్టవ్వు, మిగిలినదంతా కుట్టుపని. కిటికీ కింద మిషను, నడుమ కత్తిరింపుల బల్ల, తలుపు పక్క గోడకు వరసగా కొక్కేలు, వాటికి తయారైన బట్టలు, ఆ గోడను ఆనుకునే ఇస్త్రీ బల్ల. గదిలో ఇస్త్రీపెట్టెను తట్టుకునే ప్లగ్గు అక్కడొక్కటే ఉంది మరి.

గదికి ఉన్న రోగమల్లా కప్పు. నెత్తిన ఉత్త కాంక్రీటు, దాని నెత్తిన సూర్యుడు. ఎండాకాలం వస్తే గది పొయ్యి మీది పెనమే. చెమట చుక్క లేతరంగు గుడ్డ మీద పడితే ఆ గుడ్డ ఇక ఆవిడదే, కొని ఇచ్చుకోవాలి. కొలతలకు వచ్చినవాళ్ళు ఒక చెయ్యి కొలిపించుకుని, రెండోది కూడా అంతే ఉంటుందని చెప్పి దిగిపోయేవాళ్ళు. ఇల్లుగలాయనతో మొరపెట్టుకుంటే, "వేసవి నా చేతిలో ఉందామ్మా?" అన్నాడు.

ఈ అవకాశం కోసమే కాచుకుని ఉంది చెల్లెలు. బజారులో అద్దాల కొట్టు ఆమెది, ఏసీ ఉంది, బయట లైట్ల బోర్డు ఉంది.

"నా దగ్గరికి వచ్చెయ్యక్కా. వెనకాల ఒక మిషను వేయిస్తాను. గుండీలూ కాజాలూ చూసుకుందువుగాని."

కత్తెర ఎలా పట్టుకోవాలో చేయి పట్టి నేర్పించిన అక్కకి గుండీలూ కాజాలూ! టైలరమ్మ ఆ రాత్రి అన్నం సగంలో లేచింది. కానీ మాట కొట్టిపారేసేది కాదు. వచ్చే వేసవికి గది చల్లబడకపోతే కాజాలే గతి. భూగోళం వేడెక్కుతోందని లోకం బెంగపెట్టుకున్న రోజుల్లో ఆవిడ బెంగంతా ఆ భూగోళంలో తన వాటాకి వచ్చిన ఒక్క గది గురించి.

సరిగ్గా అప్పుడే ఐదు యూనివర్సిటీలు ఏకమయ్యాయి.

ఎండ ఇళ్ళలోకి ఎలా దూరుతుందో, దూరాక ఏం చేస్తుందో కలిసి తేల్చాలన్నది వాటి ఒప్పందం. కలవడానికి కారణం చాలా సాదా. నిధులిచ్చేవాళ్ళు విడివిడిగా అడిగితే ఇవ్వరు, కలిసి అడిగితే మురిసిపోతారు. పైన ఒక పాలక సంఘం. ఆ సంఘం ఏం మాట్లాడాలో నిర్ణయించడానికి కింద ఇంకో సంఘం. రెండింట్లోనూ చోటు దొరకక అలిగినవాళ్ళకు సలహా మండలి. పనిని ఐదు భాగాలు చేసి తలా ఒకటి పంచుకున్నారు: పాత కట్టడాలు ఒకరికి, పైకప్పులు ఒకరికి, ఇంట్లోనే పనిచేసుకునేవాళ్ళు ఒకరికి, అరవై దాటినవాళ్ళు ఒకరికి, ఆడవాళ్ళ ఆరోగ్యం ఒకరికి. వేడి మీద సమావేశాలు జరిగే హాల్లో ఏసీ ఎంత చలి పుట్టించేదంటే, అందరూ స్వెట్టర్లు తెచ్చుకునేవారు.

ఈ భాగస్వామ్యానికి సమన్వయకర్త టైలరమ్మ మేనకోడలే. ఉద్యోగం వచ్చిన కొత్తలో అత్త అడిగింది.

"ఇంతకీ నువ్వక్కడ చేసేదేమిటే?"

"ఐదుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కలిసి పనిచేసేలా చూస్తాను అత్తా."

"కాపురాలు నిలబెట్టే పనన్నమాట."

ఐదు యూనివర్సిటీలకూ ఐదు నైతిక సంఘాలు. పరిశోధన పేరుతో జనాన్ని పీడించకుండా చూడటం వాటి బాధ్యత. ఏ యూనివర్సిటీ ఎంచుకున్న ఇల్లు ఏదో మిగతా వాళ్ళకు తెలియకూడదు, సమన్వయకర్తకు అసలే తెలియకూడదు. ప్రతి ఇంటికీ ఒక సంకేతం, అంతే. "మీరు ఇంకే పరిశోధనలోనైనా ఉన్నారా?" అని ఇంటివాళ్ళను అడుగుదామని ఎవరో అంటే, అది వ్యక్తిగత విషయమంటూ ఐదు సంఘాలూ ముక్తకంఠంతో తోసిపుచ్చాయి. ఐదూ ఒక్క మాట మీద నిలబడిన సందర్భం ఇదొక్కటే.

మొదట పాత కట్టడాలవాళ్ళ పిల్ల వచ్చింది. గోడకి చిన్న పెట్టె బిగిస్తామనీ, అది వేడిని కొలిచి దానంతట అదే కబురు పంపుతుందనీ, ఏడాది తిరిగాక చీటీలు తీసి కొన్ని ఇళ్ళ కప్పులకు వేడి తగలని తెల్లరంగు వేయిస్తామనీ చెప్పింది.

"చీటీ రాకపోతేనో?"

"రాకపోతే మీది పోలిక ఇల్లు ఆంటీ. ఇంకో రెండేళ్ళు కప్పు ముట్టుకోకూడదు. పక్కన పెట్టి చూడాలి కదా."

టైలరమ్మ చెవి తెల్లరంగు దగ్గరే ఆగిపోయింది. "బిగించమ్మా," అంది.

తర్వాత పైకప్పులవాళ్ళు వచ్చారు. తర్వాత మిగతావాళ్ళు. పగలంతా తలుపు తీసే మనిషి ఆ చుట్టుపక్కల ఈవిడొక్కతే, అందుకే అందరి కాళ్ళూ ఇటే నడిచాయి. అబద్ధం ఆడాల్సిన అవసరమే పడలేదు. కట్టడం పాతదే, కప్పు ఉత్తదే, పని ఇంట్లోనే, వయసు అరవై దాటింది, ఆడది. ఒక చీటీ కన్నా ఐదు చీటీలు నయమని ఆవిడ లెక్క. కిటికీకి దూరంగా, ఎండ పడని చోట, భుజమెత్తున పెట్టె బిగించాలని ఐదుగురి నిబంధనా ఒకటే. ఆ గదిలో అలాంటి గోడా ఒకటే. కొత్తవాళ్ళు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడగానే పాత పెట్టెల మీద ఒక్కో కోటు తగిలించేది.

ఆ కోట్లలో ఒకటి మేనకోడలిదే. తీసుకుందామని వచ్చి, కొక్కెం నుంచి దించి, దాని వెనక ఉన్నది చూసింది. పక్క కోటు జరిపింది. దాని పక్కది జరిపింది.

"అత్తా, ఏమిటివి?"

"దొంగల గంటలు."

"ఐదా? ఒక్కోదాని మీద ఒక్కో యూనివర్సిటీ ముద్రా?"

"చదువుకున్న దొంగల కోసం."

మేనకోడలు మంచం మీద కూలబడింది. "కొంప ముంచావు అత్తా! ఐదు ఇళ్ళనుకుంటున్నారు అక్కడ!"

"ఒక్కళ్ళైనా అడిగారా నన్ను? అడిగితే దాస్తానుటే? అయినా నువ్వు చూసినట్టు ఎవరికి తెలుసు? కోటు యథాస్థానంలో తగిలించు."

తగిలించింది. కానీ ఉద్యోగధర్మం ఒకటి ఉంది కదా, మర్నాడు పెద్ద ప్రొఫెసరు గదికి వెళ్ళింది. పాలక సంఘానికీ, పాత కట్టడాల భాగానికీ పెద్ద ఆయనే.

"సార్, మన ఐదు ఇళ్ళ చిరునామాల గురించి ఒక విషయం..."

ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "చెప్పకమ్మా! చిరునామా నా చెవిన పడిందంటే నైతిక సంఘానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. నీకు తెలిసిందని నాకు తెలిసినా ఇచ్చుకోవాలి. నువ్వసలు ఈ గదిలోకి రాలేదు."

"రాలేదు సార్," అని వచ్చేసింది.

ఆయన హుషారులో ఉన్నాడు మరి. ఐదు పెట్టెల కబుర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే అద్భుతం బయటపడింది. ఐదు రకాల ఇళ్ళు, ఐదు రకాల మనుషులు, వేడి మాత్రం గీత మీద గీత పెట్టినట్టు ఒకేలా నడుస్తోంది! అంతకన్నా వింత, ఎండ దిగిపోయిన సాయంత్రం వేళ అన్ని ఇళ్ళలోనూ వేడి మళ్ళీ ఒక్కసారి ఎగుస్తోంది. దీనికి 'రెండో ఉడుకు' అని పేరు పెట్టారు. ఆదివారాలు అది రావడం లేదని గమనించి, రోడ్ల మీద బళ్ళు తగ్గడమే కారణమన్నారు. సాయంత్రాలు టైలరమ్మ మర్నాటి బట్టలకు ఇస్త్రీ పెడుతుందనీ, ఆదివారం సెలవనీ చెప్పగలిగిన ఒకే ఒక్క ఉద్యోగి ఆ సమావేశంలో స్వెట్టరు గుండీలు పెట్టుకుంటూ కూర్చుంది.

వార్షిక సమావేశానికి ఐదుగురు ప్రొఫెసర్లూ దిగారు. చీటీలు తీయడం ఉదయమే అయిపోయింది. సాయంత్రం ఎవరి ఇంటికి వాళ్ళు స్వయంగా వెళ్ళి ఫలితం చెప్పాలని తీర్మానం. గోప్యత కోసం ఐదు కార్లు. ఏ కారు వెళ్ళాల్సిన చిరునామా ఆ డ్రైవరుకే, చెవిలో.

ఐదు కార్లూ ఒకే సందులో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి.

మెట్ల మీద పెద్ద ప్రొఫెసరు వెనక్కి తిరిగి ఆరోగ్య విభాగపు డాక్టరమ్మను చూశాడు. "మీరేమిటి ఇక్కడ? ఇది మా ఇల్లు!"

"మీ ఇల్లా? మా ఇల్లండీ ఇది. ఏడాదిగా మాది!"

పైమెట్టు మీద నుంచి టైలరమ్మ తొంగిచూసింది. "ఇల్లు నాది. గొడవపడకుండా లోపలికి రండి. చెప్పులు అక్కడ విడవండి, గుడ్డలున్నాయి."

గదిలో ఐదుగురు పట్టరు, అయినా పట్టారు. కార్లు ఇరుక్కున్నాయని డ్రైవరు ఫోను చేస్తే పరుగెత్తుకొచ్చిన మేనకోడలు గుమ్మంలో నిలబడింది. ఇస్త్రీ మాంచి జోరు మీద ఉంది. కోట్లన్నీ అప్పుడే దించి మడత పెడుతోంది కాబట్టి గోడ బోసిగా ఉంది, ఐదు పెట్టెలూ పళ్ళికిలించినట్టు వరసగా ఉన్నాయి. డాక్టరమ్మ ఫోను తీసి తన పెట్టె కబురు చూసింది. టైలరమ్మ ఇస్త్రీపెట్టె నొక్కింది, ఆవిరి బుస్సుమంది, ఫోనులో గీత లేచింది.

"రెండో ఉడుకు," అంది డాక్టరమ్మ నీరసంగా.

"అవన్నీ తర్వాత చూసుకుందురుగాని," అంది టైలరమ్మ. "చీటీ వచ్చిందా, రాలేదా?"

వచ్చింది. రాలేదు కూడా. డాక్టరమ్మ చీటీలోనూ పైకప్పులవాళ్ళ చీటీలోనూ తెల్లరంగు. మిగతా మూడింట్లో పోలిక ఇల్లు.

పెద్ద ప్రొఫెసరుకి కాస్త ప్రాణం లేచొచ్చింది. ఓట్ల లెక్క ఆయనకు అలవాటైన విద్య. "మూడింటి మాటే చెల్లుతుందమ్మా. మూడు ఒప్పందాల ప్రకారం రెండేళ్ళు మీ కప్పు ముట్టుకోవడానికి లేదు."

ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగిపోయింది. ఐదు చీటీలు నయమనుకుంది ఆవిడ. ఇప్పుడు ఆ చీటీలే కప్పుకి కాపలా కూర్చున్నాయి. చెల్లెలి అద్దాల కొట్టూ, వెనకాల మిషనూ, గుండీల డబ్బా, అన్నీ కళ్ళముందు తిరిగాయి. మేనకోడలి వంక చూసింది.

మేనకోడలు గొంతు సవరించుకుంది. "సార్, ఇంటి హోదా మారినప్పుడు ఇంటివాళ్ళకు వాళ్ళ హక్కులు మళ్ళీ చదివి వినిపించాలి. నిబంధన."

"ఇప్పుడా?"

"మీరు పెట్టిందే సార్."

చదివింది. అన్నీ గబగబా చదివి, ఒక్క వాక్యం దగ్గర మాత్రం బండి మిట్ట ఎక్కినంత నిదానం చేసింది, కప్పు కేసి చూస్తూ: "పాల్గొంటున్నవారు ఎప్పుడైనా... ఏ కారణమూ చెప్పకుండా... తప్పుకోవచ్చు."

గాల్లో ఆగిన ఇస్త్రీపెట్టె బల్ల మీదికి దిగింది.

"ఏ యూనివర్సిటీ నుంచైనా?" అడిగింది టైలరమ్మ.

"దేనికదే అత్త... అమ్మా."

"అయితే ఈ మూడు పెట్టెలూ తీసుకుపోండి. కారణం చెప్పను."

"ఇదెక్కడి అన్యాయం!" అన్నాడు పెద్ద ప్రొఫెసరు. "ఈ ఇంట్లో అసలు..."

"సార్," అంది డాక్టరమ్మ మెత్తగా, "మీరిప్పుడు ఈ ఇంటి పరిశోధనలో లేరు కదా. గోప్యత. కాస్త బయట నిలబడతారా?"

రంగు ఎవరు వెయ్యాలన్నది మిగిలిన ఇద్దరికీ తెగలేదు. చివరకు మొదటి పూత ఒకరు, రెండో పూత ఒకరు వేసి, ఎవరి పూత దగ్గర వాళ్ళు నిలబడి ఫోటో దిగారు. భాగస్వామ్యంలో నిజంగా కలిసి చేసిన పని అదేనని మేనకోడలు ఇప్పటికీ అంటుంది. పెద్ద ప్రొఫెసరు కూడా నష్టపోలేదు. 'ఐదు రకాల ఇళ్ళలో రెండో ఉడుకు' అన్న పత్రాన్ని చడీచప్పుడు లేకుండా వెనక్కి తీసుకుని, ఒకే గోడ మీద ఐదు పరికరాలు ఎంత చక్కగా ఏకీభవిస్తాయో వివరిస్తూ ఇంకో పత్రం రాశాడు. మెచ్చుకున్నారట. ఈసారి నిజమే రాశాడు కనక మనమూ మెచ్చుకోవచ్చు.

మరుసటి వేసవిలో కొలతలకు వచ్చినవాళ్ళు రెండు చేతులూ కొలిపించుకుని, కూర్చుని, టీ కూడా తాగి వెళ్ళారు. నడివేసవిలో ఒక మధ్యాహ్నం చెల్లెలు మిషనును కూలీ నెత్తిన పెట్టించుకుని మెట్లెక్కింది. బజారులో రోజూ కరెంటు పోతోంది, ఏసీ లేకపోతే అద్దాల కొట్టు మూతపెట్టిన గిన్నె.

"నాలుగు రోజులే అక్కా. ఎక్కడ కూర్చోమంటావు?"

టైలరమ్మ కళ్ళజోడు సర్దుకుని గదంతా తీరిగ్గా కలియజూసింది. ఇస్త్రీ బల్ల పక్కన, మూడు పెట్టెలు తీసేసిన గోడ కింద చోటు చూపించింది. గుండీల డబ్బా ఒళ్ళో పెట్టింది.

సాయంత్రం ఇస్త్రీ వేడెక్కగానే చెల్లెలు విసనకర్ర అందుకుంది. "అబ్బ, ఏం ఉడుకే అక్కా! ఆ బల్ల అటు జరపకూడదూ?"

"ప్లగ్గు ఇక్కడే ఉందే," అంది టైలరమ్మ. "కాజాలు ఎంతవరకు వచ్చాయి?"