జాన్‌బాబు ఎక్కిన స్తంభం

కరోనా తగ్గిన మరుసటి ఏడు వేసవిలో నన్ను తిరువూరు సెక్షన్‌కు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. లైన్‌మెన్ల పని చూసుకునే ఉద్యోగం అది; మా పైన ఏ.ఈ. ఉంటారు. నా హోదాలోనే అక్కడ అప్పటికే జాన్‌బాబు ఉన్నాడు, సర్వీసులో నాకంటే చిన్నవాడు. చేరిన వారానికే అతనంటే నాకు కడుపుమంట మొదలైంది. రైతులు వచ్చినా, ఏ.ఈ. గారు పిలిచినా "జాన్‌బాబు లేడా?" అనేవారు, ఎదురుగా నేనున్నా సరే. లైన్‌మెన్లు నమస్కారం నాకు పెట్టి సలహా అతన్ని అడిగేవారు. అందుకే ఎక్కడ తప్పు చేస్తాడా అని కళ్లల్లో వత్తులు వేసుకుని చూసేవాణ్ణి.

మామిడి కోతల రోజుల్లో ఒక గాలివానకు పెనుగొలను వైపు లైను పోయింది. మనుషులు చాలక మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్లాం. ఒక స్తంభం మీద జంపర్, అంటే రెండు వైపుల తీగల్ని కలిపే ముక్క, తెగిపోయి ఉంది. ముందుగా లైన్ క్లియర్ తీసుకున్నాం. మేం పని అయిందని చెప్పేదాకా ఆ లైనుకు కరెంటు ఇవ్వనని సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఇచ్చే హామీ అది. ఆ తర్వాత, పనిచేసే చోటుకు రెండు వైపులా తీగల్ని భూమికి కలుపుతూ ఎర్త్ రాడ్లు తగిలించాలి. మా దగ్గర మాత్రం సబ్‌స్టేషన్ వైపు ఒక్కటి తగిలించి ఎక్కేసేవారు. కరెంటు వచ్చేది అటునుంచేగా! జాన్‌బాబూ అలాగే ఎక్కాడు.

నాకు లోపల పండగైంది. దొరికాడు అనుకుంటూ, రాడ్డు వేయని తీగ ఎక్కడిదాకా పోయిందా అని చూశాను. అవతల ఒక ఇంటి ముందు పెళ్లి పందిరి. ఊరంతా కరెంటు లేదు, ఆ పందిట్లో మాత్రం ఫ్యాన్లు తిరుగుతున్నాయి. జనరేటర్ పెట్టారన్నమాట. ఇంటి మెయిన్ తీయకుండా జనరేటర్ కలిపితే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వచ్చి పెద్ద లైనులో చేరుతుంది. జాన్‌బాబు అప్పటికే అటువైపు తీగకు చెయ్యి చాస్తున్నాడు.

"జాన్! చెయ్యి తీయ్! ముట్టుకోవద్దు!" అని అరిచాను.

ఎందుకని అడగలేదు. చెయ్యి లాక్కుని దిగిపోయాడు. రెండో రాడ్డు ఆ తీగకు ఆనించగానే టప్పుమని మెరిసింది. పెళ్లివారి చేత మెయిన్ తీయించి, రెండు వైపులా రాడ్లు వేసి పని ముగించాం.

నెలాఖరు మీటింగులో ఏ.ఈ. గారు, పక్కనున్నవాళ్లు చెప్పగానే ఎదురు ప్రశ్న వేయకుండా దిగినందుకు జాన్‌బాబును మెచ్చుకుని చప్పట్లు కొట్టించారు. నేను "పక్కనున్నవాళ్ల"లో కలిసిపోయాను. ఒళ్లు మండిపోయింది.

బయటికి వచ్చాక అతనే నా దగ్గరికి వచ్చాడు. ఇకమీదట తాను స్తంభం ఎక్కితే కింద నన్నే ఉండమన్నాడు. ఎందుకన్నాను.

"మిగతావాళ్లు నామీద నమ్మకంతో ఫోన్లు చూసుకుంటారండి. మీరైతే నా మీంచి కళ్లు తీయరు సార్."

నేను రిటైరయ్యేదాకా అలాగే జరిగింది. ప్రమాదమున్న పనిలో కాపలాకు, పనివాణ్ణి నమ్మేవాడికంటే అతని తప్పు కోసం కాచుకునేవాడే మేలని తెలుసుకున్నాను. నేను ఎక్కినప్పుడు కింద నిలబెట్టుకుందామంటే, నన్ను చూసి అంతగా అసూయపడేవాడు ఆ సెక్షన్‌లో ఒక్కడూ లేడు.