సింగరాయుడి పలక

తడిగుడ్డతో రాతిపలకను తుడిచినప్పుడు ఒక వాసన వస్తుంది. తొలకరికి మట్టి నుంచి లేచే వాసన కాదది. కొంచెం ఇనుము, కొంచెం బలపం పొడి, కొంచెం చల్లటి బావి గోడ కలిపినట్టుంటుంది. మా ఇంట్లో బీరువా మీద ఒక పలక ఉంది. దాని చెక్క చట్రం ఎప్పుడో ఊడిపోయింది. దుమ్ము పట్టినప్పుడల్లా నేనే తుడుస్తాను, ఇంకెవరినీ ముట్టనివ్వను. ఎంత తుడిచినా దాని మీద ‘సింగరాయుడు’ అన్న పేరు పోదు, ఎందుకంటే అది మేకుతో చెక్కింది. మొదట బలపంతోనే రాశాను. నేను ఊర్లో లేనప్పుడు దాన్ని తుడిచేశారు. తుడిచినవాళ్ళు మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు.

మార్కాపురంలో మా నాయన పలకల షెడ్డులో కోత పని చేసేవాడు. ఎండాకాలం సెలవుల్లో మా ఆటలన్నీ ఆ షెడ్డు వెనక, విరిగిన రాళ్ళ గుట్టల పక్కన, రేకుల పంచ కింద సాగేవి. పొద్దెక్కేసరికి రేకు కాలేది, రాళ్ళు కాలేవి, లోపలి నుంచి కోత చప్పుడుతో పాటు బూడిదరంగు దుమ్ము వచ్చి మా కనురెప్పల మీద కూర్చునేది, మధ్యాహ్నం కలుపుకున్న ముద్దలో కూడా ఆ దుమ్మే పళ్ళ కింద కరకరలాడేది. తిరునాళ్ళలో కొన్న బొరుగులు అయిపోయే వేళకు అడవి వైపు నుంచి ఆడవాళ్ళు ఆకుదొన్నెల్లో మొర్రిపండ్లు తెచ్చేవాళ్ళు. వాటి పులుపుతీపి నాలుకకు తగలగానే గింజలు ఎవరు దూరం ఊస్తారని పందెం మొదలయ్యేది. మా పెద్దమ్మ అలసందల వడలు చేస్తే తన కూతురికి నాలుగు, పొరుగు పిల్లలకు వచ్చినవాళ్ళని చెప్పి నాలుగు పెట్టేది, నాకు మాత్రం ‘నువ్వు ఇంటోనివే గదా’ అని మూడు పెట్టేది. ఇంటివాడికి ఒకటి తక్కువ ఎందుకో ఇప్పటికీ నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ పెద్దమ్మ కూతురే సుజక్క, నా కంటే మూడేళ్ళు పెద్దది, కర్నూలు హాస్టల్లో ఉండి చదివేది. నాకు పన్నెండేళ్ళప్పుడు సెలవులకు వస్తూ ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చింది. హాస్టల్లో స్నేహితురాలి దగ్గరున్న ఏదో విదేశీ ఆట పుస్తకంలోంచి నియమాలన్నీ చేత్తో ఎక్కించుకుంది. ఆ ఆటలో ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో ఒక్కో వీరుడి వేషం కడతారు. ‘ముందర లోయ ఉంది, ఏం చేస్తావు’ అని కథ నడిపేవాళ్ళు అడిగితే మనం ఏం చేస్తామో చెప్పాలి. అది చేయగలిగామా లేదా అన్నది అంకె తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గెలుపు, చిన్నది పడితే దెబ్బ. అందుకు ఇరవై ముఖాల పాచిక ఒకటి కావాలట. మార్కాపురంలో ఏ దుకాణంలో అడిగినా నవ్వారు. చివరికి నేనే విరిగిన పలకరాళ్ళ నుంచి చదరంగా ఇరవై పెంకులు కోసి, సానరాయి మీద అరగదీసి, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు గీశాను. మూడు రోజులు పట్టింది, వేళ్ళ చివర తోలు లేచిపోయింది. పాచిక బదులు చూడకుండా ఒక పెంకు తీయాలని సుజక్క వాటిని గుడ్డసంచిలో వేసుకుని, పుస్తకంలో మొదటి పేజీలో ‘పెంకులు, షెడ్డులోవి’ అని రాసుకుంది. నా పేరు రాయలేదు.

ఆఖరి పెంకు, అంటే ఇరవై, అరగదీస్తుంటే ఒక మూల చిట్లింది. కంటికి ఆనదు గానీ వేలికి తగులుతుంది. మళ్ళీ ఇంకొకటి కోసే ఓపిక లేక దాన్ని అలాగే ఇచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆడేవాళ్ళం ముగ్గురం. గొర్రెలవాళ్ళ ఓబులేసు పొద్దున మందను అన్నకు అప్పజెప్పి పరిగెత్తుకొచ్చేవాడు. మస్తాను త్రిపురాంతకం పిల్లాడు, సెలవులకు మా వీధిలో వాళ్ళ అత్త ఇంటికి వచ్చాడు. ఓబులేసు ఈల బాగా వేస్తాడని సుజక్క వాణ్ణి మాంత్రికుణ్ణి చేసింది. మస్తానుకు విల్లు ఇచ్చింది. నాకు కత్తి ఇచ్చి అందరికంటే ముందు నడవమంది, అంటే ఏ దెబ్బయినా ముందు నాకే. నా వీరుడి పేరు సింగరాయుడు. ముగ్గురి బలాలు, గాయాలు తలా ఒక పలక మీద రాసి గోడకు ఆనించేవాళ్ళం. వీరుడు చస్తే వాడి పలకను అందరూ చూస్తుండగా తడిగుడ్డతో తుడిచేయాలన్న నియమం సుజక్కే పెట్టింది.

మా కథలో నిధులు లేవు, రాకుమార్తెలు లేరు. నల్లమల కింద ఒక నదిని రాకాసి గొలుసులతో కట్టేసిందనీ, ఆ గొలుసు తెంచేదాకా మా ఊళ్ళలో ఏ బోరుకూ నీళ్ళు పడవనీ సుజక్క మొదటి రోజే చెప్పింది. ఆ ఏడు ఓబులేసు వాళ్ళ చేనిలో రెండు బోర్లు వట్టిపోయాయి, అందుకేనేమో వాడు నవ్వకుండా విన్నాడు. ఇరవై రోజులు కొండ లోపలే తిరిగాం. ఎముకల వంతెన దాటాం, గుడ్డి ఎలుగులతో పోట్లాడాం, ఉప్పు గదిలో దారి తప్పాం. సింగరాయుడికి పదకొండు గాయాలయ్యాయి, అన్నీ మిగతా ఇద్దరి కోసం తగిలినవే. రాకాసి గది తలుపు దగ్గరికి చేరిన మర్నాడే మా బాబాయి పెళ్ళికని నన్ను కొమరోలు తీసుకుపోయారు. నేను వచ్చేదాకా ఆ తలుపు తెరవద్దని సుజక్కకు గట్టిగా చెప్పాను. సరేలే అంది.

పెళ్ళిలో మూడు రోజులు లడ్డు తిన్నా నా మనసంతా ఆ తలుపు దగ్గరే ఉంది. తిరిగొచ్చి బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా షెడ్డుకు పరిగెత్తాను. గోడకు మూడు పలకలున్నాయి. రెండింటి మీద పేర్లున్నాయి. మూడోది నల్లగా, నున్నగా ఉంది. తడి ఇంకా ఆరలేదు, ఆ వాసన నా ముక్కుకు తగిలింది.

“ఏందిది?” అన్నాను.

“సచ్చిపోయినాడు,” అంది సుజక్క పుస్తకంలోంచి తల ఎత్తకుండా. “రెండు పడినాది. రాకాసి తోకతో కొట్టినాది.”

“నేను ల్యాకుండా ఎట్ల సస్తాడు?”

“నువ్వు ల్యాకపోయినా వాడు ఆడనే ఉన్నాడు గదా రమణా.”

మస్తాను పక్కుమన్నాడు. ఓబులేసు మాత్రం రాళ్ళ గుట్ట వైపు చూస్తూ, నా బదులు పెంకు తీసింది తనేనని చెప్పాడు. సెలవులు అయిపోతున్నాయనీ, ఎదురుచూస్తూ కూర్చుంటే కథ పూర్తి కాదనీ సుజక్క వాదించింది. కొత్త వీరుణ్ణి రాసుకోమంది. నేను రాసుకోలేదు. ఇరవై రోజులు దెబ్బలు తిన్నవాణ్ణి వదిలేసి ఇంకొకణ్ణి తెచ్చుకోవడానికి అది బజారులో దొరికే చెప్పుల జత కాదు.

నాలుగు రోజులు కనపడినవాళ్ళందరికీ చెప్పాను. అమ్మకు చెప్పాను, పెద్దమ్మకు చెప్పాను, మస్తాను వాళ్ళ అత్తకు చెప్పాను. సింగరాయుణ్ణి చంపేశారని నాయనకు చెబితే ఆయన కంగారుపడి చెంబు కింద పెట్టేశాడు, మా వీధి చివర ఆ పేరుతో ఒక తాత ఉండేవాడు. సంగతి తెలిశాక నవ్వి మళ్ళీ చెంబు ఎత్తుకున్నాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది. నేను ఆడను, ఆడనివ్వను అని పంచ కింద అడ్డంగా కూర్చున్నాను. బడి తెరవడానికి వారం కూడా లేదు. నది కొండలోనే ఆగిపోయింది.

చివరికి కొండయ్య తాత పిలిచాడు. ఆయన షెడ్డుకు మేస్త్రీ, అన్నదమ్ములు గట్టు తగాదా పడినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం అన్నాలైన తర్వాత రాతిబండ మీద కూర్చుని, మా నలుగురినీ ఎదురుగా నిలబెట్టి, ఒక్కసారి కూడా నవ్వకుండా మొత్తం విన్నాడు. ఆ ఒక్క సంగతిలో ఆయనకు నేను రుణపడి ఉన్నాను. పని ఆపి ఏడెనిమిది మంది కూలీలు చుట్టూ చేరారు.

“ఊరికి పొయ్యేటప్పుడు ఈ పిల్లోడు నీతో ఏమన్నా చెప్పినాడా?” అని ఓబులేసును అడిగాడు.

వాడికి నిజంగానే చెప్పాను. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, ఒకవేళ ఆడితే నా తరఫున నువ్వే తీయి, మస్తానును తీయనివ్వద్దు అని వాడికి చెప్పాను. ఆ నాలుగు రోజుల్లో ఇంతమందికి ఇంత చెప్పి ఆ ఒక్క మాట ఎవరికీ చెప్పలేదు. తలుపు తెరవద్దన్నది ముందు, ఆడితే అన్నది తర్వాత, కాబట్టి ముందు మాటే లెక్క అని నాకు నేను చెప్పుకున్నాను.

ఓబులేసు నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఏం చెప్పల్యా తాతా. నేనే తొందరపడి తీసినా.”

నేను నోరు తెరవలేదు.

“అట్లయితే వీని చెయ్యి పడనట్టే,” అన్నాడు కొండయ్య తాత. “ఒక్కతూరి వీడే తియ్యల్ల. పదైదు దాటితే లేస్తాడు. దాటకపోతే మట్టి చేసి నోరు మూసుకోవల్ల. సరేనా రమణా?”

సరేనన్నాను. సుజక్క సంచి మూతి పట్టుకుని నా ముందు చాచింది. లోపల కోత యంత్రం కూడా ఆగి ఉంది. రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చేయి లోపల పెట్టాను. పెంకులు చల్లగా ఉన్నాయి. నా బొటనవేలి కింద అన్నీ ఒకేలా జారుతున్నాయి, నున్నటి మూలలు, నేను అరగదీసిన మూలలు, అంతలో ఒకటి గరుగ్గా తగిలింది. చిట్లిన మూల. దాన్ని వదిలేశాను. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ఒకసారి వదిలేశాను. వేరే పెంకును పట్టుకున్నాను కూడా. అప్పుడు మస్తాను వెనక నుంచి అన్నాడు.

“ఇప్పుడు గూడ రెండే ఒచ్చాదిలే.”

ఎవరో కూలీ నవ్వాడు. నా వేళ్ళు చేతిలో ఉన్నదాన్ని వదిలేసి వెనక్కి పోయి వెతికాయి. దొరికేదాకా వెతికాయి.

ఇరవై. కూలీలు కేకలేశారు, నాయన వచ్చి వీపు తట్టాడు, తాత తువ్వాలు దులుపుకుని లేచాడు. సుజక్క మాత్రం ఆ పెంకును అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో అంచుల వెంట మెల్లగా రాసింది. ఒకచోట వేలు ఆగింది. నన్ను చూసింది. నా చెవులు కాలిపోయాయి. బలపం తీసుకుని నా పలక మీద సింగరాయుడు అని తిరిగి రాసింది.

మర్నాడు సంచిలో ఇరవై పెంకు కొత్తది ఉంది. నాలుగు మూలలూ నున్నగా ఉన్నాయి. సుజక్క బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. దొంగ అని ఒక్క మాట అనకుండానే నన్ను దొంగను చేసింది. అని ఉంటే పోట్లాడేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి, మళ్ళీ తాత దగ్గరికి పోయేవాణ్ణి. అనని మాట మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఓబులేసు నాకంటే నయం, నా పక్కనే కూర్చున్నాడు, మొర్రిపండ్లు పంచాడు. ఆ మంచితనం నాకు మరీ కష్టంగా ఉండేది. ఆ సాయంత్రమే నేను మేకు తీసుకుని పేరు చెక్కేశాను.

తర్వాత రెండు రోజులే ఆడాం. నాకు మూడు పడింది, ఆరు పడింది, మళ్ళీ మూడు పడింది. ఎవరూ నవ్వలేదు. మస్తాను త్రిపురాంతకం బస్సెక్కాడు, బడి తెరిచారు. మరుసటి ఏడు సుజక్క సెలవులకు రాలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ స్థలంలో టైల్సు దుకాణం ఉంది. విరిగిన రాళ్ళ గుట్టలు రోడ్ల కిందికి పోయాయి. మా పాప ప్లాస్టిక్ పలక మీద రెండు నెలలు రాసి ఫోనులోకి మారింది; తడిగుడ్డ వాసన దానికి తెలియదు. మొర్రిపండ్ల దొన్నెలు ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు కనపడితే గొప్ప. కొండయ్య తాత పోయాడు. ఓబులేసు గొర్రెలు అమ్మేసి గిద్దలూరులో ఆటో నడుపుతున్నాడు. పెంకుల సంచి మా ఇంట్లోనే ఉంది, అందులో ఇరవై ఉన్నాయి. కానీ ఒకటి నేను కోసింది కాదు.

పోయిన నెల సుజక్కకు ఫోన్ చేసి, నా పాత పెంకు ఆమె దగ్గరే ఉందా అని అడిగాను.

“ఉంది. ఎందుకు, మళ్ళా ఎవుడన్నా సచ్చినాడా?”

అది నా చేత్తో కోసిందనీ, నాది నాకు ఇచ్చేయాలనీ అన్నాను. సుజక్క ఒక షరతు పెట్టింది.

“ఆ పొద్దు సంచిలో చెయ్యి పెట్టి ఏం చేసినావో చెప్పు, ఇస్తా. నాకు కాదు, నాకు తెలుసు. ఓబులేసుకు చెప్పు.”

ఓబులేసు చదువుకోలేదు. ఆదివారం ఇదంతా రాసిన ఈ కాగితాలు పట్టుకుని గిద్దలూరు ఆటో స్టాండుకు పోయి, మొదటి నుంచి చివరిదాకా వాడికి చదివి వినిపించి వచ్చాను. బస్సు కిటికీ మాట దగ్గర నా గొంతు ఆగితే వాడు, అది నాకెప్పుడూ గుర్తుందిలేరా, ముందుకు చదువు అన్నాడు.

చెప్పేశాను. ఇక నా పెంకు నాకు రావాలి.