మూడు చుక్కలు

రాంగోపాల్‌పేట్‌లో పాత కార్లకు డెంటింగ్ చేసే బ్రహ్మచారి రేకును కళ్లతో చూడడు. కళ్లు మూసుకుని అరచేత్తో నిమురుతాడు. ఎక్కడ గరుకు తగిలితే అక్కడ సుత్తి పడుతుంది. పని ముగిశాక, తండ్రి నేర్పిన అలవాటు కొద్దీ, రేకు లోపలివైపు మూడు చుక్కలు పొడుస్తాడు. అవి ఎవరికీ కనబడవు, ఎవరూ అడగరు కూడా.

హరికిషన్ సేటు పాత ఫియట్‌కు మడ్‌గార్డు తుప్పుపట్టి రాలిపోతే, నాలుగు నెలలు సుత్తి పట్టి అచ్చం అలాంటిదే చేసి బిగించాడు. పాత కార్ల పోటీకి ముందురోజు సేటు వంగి లోపలికి చూశాడు.

"ఈ చుక్కలేంది చారీ? జడ్జీలు చూస్తే కంపెనీ రేకు కాదని తెలిసిపోతది. అంతా అసలుదుంటేనే క్లాసిక్ అంటరు. గీకెయ్."

"మా నాయిన గుర్తు సేటూ..."

"గందుకే గీకెయ్‌మంటున్న."

బ్రహ్మచారి ఆకురాయి తెచ్చి తన చేత్తోనే గీకేశాడు.

మర్నాడు జడ్జి ఆ మడ్‌గార్డును నిమిరి, "ఎంత సాఫ్‌గ ఉంది! ఎవరు చేసిండ్రు?" అన్నాడు.

"కంపెనీదే సార్. ఇప్పటిదాంక దీనిమీద ఎవ్వని చెయ్యి పడలే," అన్నాడు సేటు.

వెనకాల గుడ్డ పట్టుకుని నిలబడ్డ బ్రహ్మచారికి నిగనిగలాడే రేకు మీద జడ్జి వేలిముద్రలు కనిపించాయి. వంగి, వాటిని కూడా తుడిచేశాడు.