వెలిగించని నాలుగో కొవ్వొత్తి

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటి నుంచీ విసుగు. పుస్తకంలో ఉంటే చదువుతాను. ఎవరైనా "ఇది నిజంగా జరిగింది" అని మొదలుపెడితే మాత్రం మెల్లగా లేచి వెళ్ళిపోతాను. ఇప్పుడు నేనే అలాంటిది రాస్తున్నాను. అందుకే జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా, నా డైరీలు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మాది మలికిపురం దగ్గర ఒక పల్లె. మావాళ్ళు ఒకప్పుడు కొబ్బరి తోటల్లో కూలికి వెళ్ళేవారు. మా నాయనమ్మ వాళ్ళ అమ్మ మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకుంది. మా ఇంట్లో చదువు ఆవిడతో మొదలైంది. ఇప్పుడు నాన్న, అత్త ఇద్దరూ టీచర్లు.

నాకు నలుగురిలో మాట్లాడాలంటే భయం. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని చేసే పని వెతుక్కున్నాను. విదేశాల్లోని పాత చర్చి రిజిస్టర్ల ఫొటోలు పంపుతారు. వాటిలోని పేర్లు చదివి టైపు చెయ్యాలి. పాత జర్మన్ చేతిరాత చదవడం ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నాను. దానికి ఏడాది పట్టింది.

అత్తకి ఇదంతా నవ్వులాట. "మన ముత్తాత పేరడిగితే నీళ్ళు నములుతావు గానీ, దొరల ముత్తాతల్ని మాత్రం ఇట్టే పట్టేస్తావే!" అనేది. నిజమే. మా వంశం నాయనమ్మ వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఆగిపోతుంది. అంతకు ముందున్నవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

కిందటేడాది అమెరికా నుంచి మార్తాగారని ఒక రిటైర్డ్ టీచరు నాకు పని ఇచ్చారు. వాళ్ళ మూలపురుషుడు యోహాన్ నేతపనివాడు. అమెరికా ఇంకా బ్రిటిష్ వాళ్ళ ఏలుబడిలో ఉన్నప్పుడు జర్మనీ నుంచి ఓడెక్కి ఫిలడెల్ఫియాలో దిగాడు. ఒంటరిగా వచ్చి, అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడని వాళ్ళింట్లో చెప్పుకునేవారు. ఆయన గురించి మార్తాగారు ఒక పుస్తకం అచ్చు వేయించి బంధువులకి పంచాలనుకున్నారు.

ఆయన పెళ్ళి నమోదైన పేజీ నేనే చదివాను. పేరు పక్కన, ఎవరూ పట్టించుకోని చిన్న మాట ఒకటి ఉంది. భార్య పోయినవాడు అని. అంటే అంతకు ముందే ఒక ఇల్లాలు ఉంది.

రెండు నెలలు వెతికాను. ఆయన పుట్టిన ఊరు తెలియదు. ఆ పేరున్నవాళ్ళు జర్మనీలో లెక్కలేనంత మంది. ఇక ప్రెస్సుకి ఇచ్చేయాలి, "మొదటి భార్య, పేరు తెలియదు" అని వేద్దామని మార్తాగారు మెయిల్ రాశారు. నవంబరు నెలాఖరు దాకా ఆగమని అడిగాను. నోరు తెరిచి ఒకరిని గడువు అడగడం నాకదే మొదటిసారి. పేరు తెలియని ఆడవాళ్ళు మా ఇంట్లోనే బోలెడుమంది. నా చేతుల మీదుగా ఇంకొకావిడ ఆ వరసలో చేరడం నాకు ఇష్టం లేకపోయింది.

నవంబరు మొదట్లో సమాధుల పండగ వచ్చింది. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు పెట్టి, ఒక్కొక్కరి పేరు చెప్తూ కొవ్వొత్తులు వెలిగిస్తాం. పేరు చెప్పకుండా వెలిగించకూడదు. అది మా ఇంటి పద్ధతి.

మావాళ్ళందరికీ అయ్యాక, నాయనమ్మ ప్రహరీ పక్కన ఖాళీ ఇసుకలో ఇంకో నాలుగు గుచ్చుతుంది. ఒకటి పెద్దది, మూడు చిన్నవి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. తుఫానులో పోయిన చుట్టాలెవరో అనుకునేదాన్ని. ఆవిడ ఆ పేర్లు లోలోపలే గొణుక్కునేది.

ఆ సాయంత్రం గాలి బాగా వీస్తోంది. కొవ్వొత్తులు ఆరిపోకుండా చేతులు అడ్డం పెడదామని పక్కనే కూర్చున్నాను. అందుకే వినపడింది.

"ఒటీలియా," అంటూ పెద్దది వెలిగించింది. "మార్గరేతా. ఈవ," అంటూ రెండు చిన్నవి వెలిగించింది.

ఒటీలియా అనేది పాత జర్మన్ పేరు. ఎన్నోసార్లు టైపు చేశాను. మా కోనసీమలో ఆ పేరున్న మనిషి ఉందని ఎన్నడూ వినలేదు.

"ఎవరు నాయనమ్మా వీళ్ళు?"

"నాకేం తెలుసే? మా అమ్మ చెప్పమంది, చెప్తన్నాను. ఆవిడికి వాళ్ళమ్మ చెప్పిందంట. తల్లీ పిల్లలూ ఓడలో పోయేరంట."

నాలుగోది గాలికి ఆరిందేమోనని అగ్గిపెట్టె అందుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఆడికొద్దు. ఆడు ఓడలోనే పుట్టేడు. ఇంకా పేరెట్టలేదు. పేరు లేకండా ఎలా ఎలిగిత్తావే?"

గేటు దగ్గర నుంచి అత్త అరిచింది. "అమ్మా! నీ ఓడ రేవుకి చేరిందా లేదా?"

"ఆయ్, వచ్చేత్తన్నామండీ టీచరుగారూ," అంటూ నాయనమ్మ నా భుజం పట్టుకుని లేచింది.

ఇంటికొచ్చి యోహాన్ పేరుతో ఆ మూడు పేర్లూ కలిపి వెతకడం మొదలుపెట్టాను. పన్నెండో రోజున దొరికారు. రైన్ నది దగ్గర ఒక పల్లె చర్చి రిజిస్టరు. తండ్రి యోహాన్, నేతపని. తల్లి ఒటీలియా. కూతుళ్ళు మార్గరేతా, ఈవ. పేజీ అంచున పాస్టరు తర్వాతెప్పుడో రాసుకున్న రెండు వరసలు ఉన్నాయి. అమెరికా వెళ్ళిన యోహాన్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందట. భార్య, ఇద్దరు కూతుళ్ళు, ఓడలో పుట్టి బాప్తిస్మం పొందని మగబిడ్డ, నలుగురూ సముద్రంలోనే పోయారట.

నేను తప్పు చదివానేమోనని జర్మనీలో పాత రాతలు చదివే ఒకాయనకి పంపాను. ఒక్క అక్షరం కూడా తేడా లేదన్నారు.

మిషన్ బడిలో పాఠాలు చెప్పిన దొరసాని ఎవరో ఈ కథ చెప్పి ఉంటుందని నాన్న అంటారు. నేనూ మొదట ఆ మాటే పట్టుకున్నాను. కానీ ఆ పేర్లు యోహాన్ సొంత వంశంలోనే ఎవరికీ తెలియవు. వాళ్ళవైపు నుంచి ఎవరూ మన దేశం రాలేదని మార్తాగారు ఆరా తీసి చెప్పారు. పైగా మావాళ్ళలో మొదట చెప్పింది బడికి వెళ్ళిన ఆవిడ కాదు, వాళ్ళమ్మ. ఆవిడ బడి గుమ్మం తొక్కలేదు.

నా పని వల్లే ఇదంతా నాయనమ్మ చెవిన పడి, ఊహించుకుందా? డిగ్రీ మొదటి ఏడాది డైరీ తీశాను. అప్పటికి నాకు జర్మన్ రాత రాదు, ఈ పనీ లేదు. నేను మర్చిపోయిన మాట అందులో నా దస్తూరీలోనే ఉంది: "నాయనమ్మ ఈసారి కూడా నాలుగోది వెలిగించలేదు. నేను వెలిగించబోతే కసిరింది."

జనవరిలో పుస్తకం పార్సిల్ వచ్చింది. మొదటి అధ్యాయంలోనే ఒటీలియా, పిల్లలు. చివర కృతజ్ఞతల్లో నా పేరు, దాని కింద నాయనమ్మ పేరు, మా ఊరి పేరుతో సహా ఉన్నాయి. అత్త ఆ పుస్తకాన్ని స్కూలుకి పట్టుకెళ్ళి స్టాఫ్ రూములో అందరికీ చూపించింది. ఆ తర్వాత దొరల ముత్తాతల మాట ఎత్తలేదు.

నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. తన పేరు మీద వేలు పెట్టించుకుని, అక్కడే చాలాసేపు ఉంచింది. తర్వాత అడిగింది.

"మరి ఆ బుడ్డోడిదో?"

పేజీ తిప్పి చూపించాను. మగబిడ్డ అని ఉంది. పక్కన ఖాళీ.

"నే చెప్పలేదూ," అంది గొప్పగా.

తన తాతల పేర్లు మాకు ఇవ్వలేకపోయిన, అక్షరం రాని ఒక కూలి మనిషి, ఏ సముద్రంలోనో పోయిన ముగ్గురి పేర్లు మాత్రం తప్పు పోకుండా కూతురికి అప్పగించింది. ఆవిడకి ఎవరు అప్పగించారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈ ఏడాది నాయనమ్మ అగ్గిపెట్టె నా చేతికిచ్చింది. ఇసుకలో నాలుగూ నేనే గుచ్చాను. మూడు పేర్లు పైకి, గేటు దగ్గరున్నవాళ్ళకి కూడా వినపడేలా చెప్పి వెలిగించాను.

నాలుగోది వెలిగించలేదు.