చాపకు పడిన మడత

దాచినవన్నీ చూసి కూడా మనలను తోసివేయని దేవునికి స్తోత్రం.

అమీర్‌పేటలో మేము పందెపు పడవలకు తెరచాపలు కుట్టేవాళ్లం. కాగితమంత పల్చటి ప్లాస్టిక్ పొర చాపలవి. మా మాస్టర్ ప్రతి చాపనూ వేలితో మీటి, పొర ఎక్కడైనా దెబ్బతిని మోత మారిందేమోనని చెవి పెట్టి వినేవాడు. “చుట్టి తీస్కపో భాయ్, మడిస్తే సచ్చిపోతది” అనేవాడు.

ఒకరోజు చుట్టిన చాప షేర్ ఆటోలో పట్టక మడిచాను. పందెంలో చాప ఆ మడత దగ్గరే చీలింది. “నీ కుట్టే ఖరాబైంది, రేపట్నుంచి రాకు” అని షాపు ఓనర్ మాస్టర్ మీద అరిచాడు. మాస్టర్ చీలిక పక్కన మీటి, విని, నావైపు చూశాడు. “ముసలోన్నైన సార్” అని కత్తెర సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. నేను మళ్లీ కుట్టుపనిలోకి వంగాను.

ఆ ఆదివారం పంజాగుట్ట సంఘంలో సాక్ష్యానికి లేచి, నా జ్వరం తగ్గిన సంగతి మాత్రమే చెప్పి కూర్చున్నాను. మాస్టర్ ఇల్లు యూసుఫ్‌గూడలోనే. రేపు ఆ గుమ్మంలో నిలబడి నిజం చెప్పేలా నాతోపాటు ప్రార్థించండి.