వేరే సంతానం లేదు

మీకిప్పుడు ఏడు తరాల మహాగాథ చెప్పబోతున్నాను. అందులో జమీందారు గారి దివాణానికి మామిడిపళ్ళు మోసిన ఏనుగు ఉంది, దాని ముందు తలపాగాతో నడిచిన మా పూర్వీకుడు ఉన్నాడు. ఇలా మొదలుపెట్టాలనే అనుకున్నాను. కానీ ఆ ఏనుగు సంగతి మా నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు. నా పరిశోధన మూడు తరాలు దాటలేదు. మండలాఫీసులో ఒక ఇనప బీరువా దగ్గర ఆగిపోయింది.

ఫోనులో వంశవృక్షం గీసే యాప్ ఒకటి వేసుకున్నాను. ముత్తాత పేరు అడిగింది. ఇంట్లో విచారిస్తే తలా ఒక పేరు చెప్పారు. మనుషులతో పని కాదు, కాగితాలైతే అబద్ధం చెప్పవు అనుకున్నాను. తాతయ్య పోయాక ముసునూరు దగ్గరున్న మామిడితోటను నాన్న పేరుకు మార్చడానికి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఒకటి తీసుకున్నారు. దాని నకలు, వెనకున్న ఫైలు నకలు కావాలని అర్జీ పెట్టాను.

"ఏంటమ్మా, వాటాల గొడవా?" అన్నారు క్లర్కు గారు.

"కాదండీ, వంశవృక్షం గీస్తున్నాను."

"అయితే ముందు గీసెయ్యమ్మా. తర్వాత చదువుకో."

జోకనుకుని నవ్వాను కూడా.

ముత్తాత పేరు దొరికింది. ఆయన కొడుకుగా తాతయ్య. నాయనమ్మ అంతకుముందే పోయింది కాబట్టి వారసుల పట్టికలో మొదటి గడిలో మా నాన్న. రెండో గడిలో అడ్డంగా ఒక గీత.

ఆ గీత ఉన్నచోట ఉండాల్సింది మా మేనత్త. నాన్నకు సొంత అక్క. బాపులపాడులో ఉంటుంది. ఏటా మొదటి కోతలో రసాల బుట్ట ఒకటి వరిగడ్డి వేసి సర్ది, ఆవిడ ఇంటికి పంపాకే మేం పండు ముట్టుకుంటాం. ఆడపడుచు బుట్ట అంటాం మా ఇంట్లో. అత్త ఆ పళ్ళను వీధంతా పంచుతూ "మా తోటవండీ" అని చెబుతుంది. నాకున్న వెటకారమంతా ఆవిడ నుంచి వచ్చిందే. దానికి సర్టిఫికెట్ అవసరం పడలేదు.

నాన్నను అడిగాను. ఆయన పేపరు దించలేదు.

"అందరూ అలాగే రాయిస్తారే. ఆడపిల్ల పేరు పెడితే ఆవిడ వచ్చి సంతకాలు చెయ్యాలి. పని తెమలదు."

"అత్త ఉండేది బాపులపాడు నాన్నా. చంద్రమండలం కాదు."

"బుట్ట పంపడం ఏ ఏడన్నా మానానా?"

మానలేదు. కాబట్టి ఆయనే గెలిచారు. ఇన్నేళ్ళూ ఈయన చెప్పిన ఏనుగును కూడా నమ్మాను నేను. పైగా నాకూ ఒక తమ్ముడున్నాడు. అంటే నాకూ ఒక బుట్ట ఖాయం. ఆ పూట అన్నం మానేశాను. దాన్ని నిరసన అని గొప్పగా చెప్పలేను, ఆ రోజు కాకరకాయ కూర.

మర్నాడు ఆ కాగితాలు పట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. అడ్డగీత మీద వేలు పెట్టింది.

"మీ నాన్న చిన్నప్పట్నుంచీ అంతేలేవే. క్యారమ్స్‌లో నా కాయిన్లు జేబులో వేసుకునేవాడు. వాణ్ణి ఎత్తుకు తిరిగిన పాపానికి నేనే నేర్పాననుకుంటా."

నవ్వేసింది. భూకంపం తెచ్చాననుకున్న నాకు కాస్త చిన్నతనమైంది. అప్పుడు అత్త పేజీ తిప్పింది. అంత పరిశోధన చేసినదాన్ని, నేను ఆ రెండో పేజీ తిప్పనేలేదు.

అది సాక్షుల వాంగ్మూలం. చనిపోయిన వ్యక్తిని మేము బాగా ఎరుగుదుము, ఆయనకు ఒక్కడే కొడుకు, వేరే సంతానం లేదు అని రాసి ఉంది. కింద రెండు సంతకాలు. మొదటిది ఊళ్ళో ఎవరిదో. రెండోది మా మావయ్యది. అంటే అత్త మొగుడిది.

అత్త నవ్వు ఆగిపోయింది. మావయ్య మార్కెట్ నుంచి వచ్చి చెప్పులు విడిచేదాకా కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమండీ, మా నాన్నకు కూతురే లేదంట కదా. మరి ఇన్నాళ్ళూ మీరు ఎవరింటికి అల్లుడుగా వెళ్ళి కోడికూర తిన్నారండీ?"

మావయ్య కాగితం చూశాడు. దాని మీంచి కళ్ళెత్తలేదు.

"నీ తమ్ముడే 'బావా, ఇక్కడొక సంతకం పెట్టు' అన్నాడు. పెట్టాను. బామ్మర్ది ఇచ్చిన కాగితం చదివి సంతకం పెడితే ఏం బాగుంటుంది?"

ఆయన చెప్పింది నిజమే. మా వాళ్ళలో అయినవాళ్ళ కాగితం చదివాక సంతకం పెట్టడమంటే, విందులో వడ్డించిన అన్నాన్ని వాసన చూసి తినడమే. అల్లుడు మర్యాద పాటించాడు. దాంతో అత్త పుట్టలేదని ఖరారైపోయింది.

అత్త ఏడుస్తుందేమోనని చూశాను. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"రేపు పొద్దున్నే ఆఫీసుకు వెళ్దాం. నా పేరు రాయించుకోవాలే. తోట ఎవడికి కావాలి? మా నాన్నకు నేను పుట్టానని ఉండాలి, అంతే."

బ్యాగు జిప్పు వేసి, "తోట కూడా కావాలిలే" అంది.

పొద్దున్నే పట్టుచీర కట్టుకుంది. ఆధారు, పదో తరగతి సర్టిఫికెట్, తాతయ్య పక్కన తను నిలబడ్డ పెళ్ళి ఫోటో సంచిలో పెట్టుకుంది. బస్సులో మావయ్య ఫోను రెండుసార్లు కట్ చేసింది. ఆఫీసు తలుపులు తీయకముందే వెళ్ళి వరండాలో నిలబడ్డాం.

సవరణ అర్జీలు సోమవారం మాత్రమే తీసుకుంటారట. మేం వెళ్ళింది మంగళవారం.